నానని నార

మా చిన్నాన్న ఎజ్రా బాపట్లలో తాటాకు ఇళ్ళు కప్పేవాడు. ఆయన పనితనం గురించి ఊళ్ళో ఒక మాట ఉండేది. ఎజ్రా కప్పిన ఇంట్లో నేల మీద తడి కనపడితే అది వాన కాదు, పసిపిల్లాడి పనే అయ్యుంటుంది అని. ఆ మాట వింటే చిన్నాన్నకు లోపల్లోపల గొప్పగానే ఉండేదని నా అనుమానం. పైకి మాత్రం "ఊరుకోండమ్మా" అనేసి నిచ్చెన భుజాన వేసుకుని వెళ్ళిపోయేవాడు.

ఆయన భక్తి గురించి చెప్పాలంటే ముందు ఆ నిచ్చెన గురించి చెప్పాలి. ఆదివారం దాన్ని ముట్టుకునేవాడు కాదు. శనివారం పొద్దుగూకగానే గోడవార అడ్డంగా పడుకోబెట్టేవాడు. సోమవారం తెల్లారేదాకా అది అక్కడే. మా పిన్ని కోటిరత్నం దాని మీద దుప్పట్లు ఆరేసేది.

"వారానికో రోజు నీకూ, నాకూ, దీనికీ సెలవు" అనేవాడు చిన్నాన్న.

"నాకెక్కడయ్యా సెలవు? ఆదివారమేగా మీ చుట్టాలంతా అన్నానికి దిగేది" అనేది పిన్ని. ఆ చుట్టాల్లో నేనూ ఒకదాన్ని కాబట్టి నోరు మూసుకుని తినేదాన్ని.

మా నాన్న చిన్నప్పుడే పోతే నన్ను పెంచి చదివించింది చిన్నాన్నే. నాకు తెనాలిలో టీచరుద్యోగం వచ్చి కుదురుకున్నాక, 1967 వేసవి చివర్లో పిన్ని దగ్గర్నుంచి కబురొచ్చింది. వచ్చే ఆదివారం చిన్నాన్నను సంఘపెద్దగా నిలబెడుతున్నారట. గుడి మంచిచెడ్డలు చూసే ఆ పెద్దలు మా సంఘంలో అప్పటిదాకా మేష్టర్లూ గుమాస్తాలే. తాటాకు కప్పేవాడు ముందు బల్ల మీద కూర్చోవడం ఎవరూ ఎరగరు. నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు. తెనాలి బజారుకెళ్ళి, కొట్టువాడు విసుక్కునేదాకా కండువాలన్నీ తిరగేసి, సన్నని నీలం అంచున్న తెల్ల కండువా ఒకటి తీసుకున్నాను. శనివారం సాయంత్రం రైలుకి బాపట్లలో దిగాను.

ఆ సాయంత్రమే చిన్నాన్న ఒక పొరపాటు చేశాడు. దాని సంగతి మర్నాటిదాకా మాకెవరికీ తెలియదు.

ఊరి శివార్లో, సూర్యలంక దారిలో, పల్లెకారుల ఇళ్ళున్నాయి. అక్కడ పేరంటాలు అని చేపలమ్ముకునే మనిషి. ఆవిడ కూతురు గంగాదేవి పచ్చి బాలింత, పుట్టింట్లోనే ఉంది. వానలు పడేలోపు ఇల్లు కప్పించాలని పేరంటాలు తొందరపడితే చిన్నాన్న ఆ పని ఒప్పుకున్నాడు. తాటాకును వాసాలకు కట్టే నారను ముందురోజే నీళ్ళలో నానెయ్యాలి. నానిన నార మెత్తగా వంగి, ఆరేకొద్దీ బిగుసుకుంటుంది. నానని నార ముడి దగ్గర చిట్లుతుంది. చూస్తే తెలియదు, గాలొస్తే తెలుస్తుంది. ఆ శనివారం నడికొప్పు, అంటే పైన రెండు వాలులూ కలిసే చోటు, కట్టే వేళకి నానిన నార అయిపోయింది. అవతల అయ్యగారింట్లో, అంటే మా పాస్టరుగారింట్లో, కొత్త పెద్దల కోసం ప్రార్థన పెట్టారు. ఆలస్యమైతే బాగుండదు. చిన్నాన్న ఎండు నారతోనే కట్టేసి దిగాడు. మర్నాడు ఆదివారం, నిచ్చెనెక్కేది లేదు. సోమవారం వచ్చి మళ్ళీ కడదాంలే అనుకున్నాడు.

"అయిపోయిందా ఎజ్రా అన్నా?" అని పేరంటాలు అడిగింది.

"అయిపోయిందమ్మా" అన్నాడు.

ఆదివారం పొద్దున్న ఎండ కాస్తూనే ఉంది. పిన్ని గంజిపెట్టిన పంచె కట్టించి, నా కండువా ఆయన మెడలో వేసి, మడత సరిచేసి, ఒకడుగు వెనక్కేసి చూసుకుంది. పెళ్ళినాడు కూడా అంత ఇదిగా చూసి ఉండదు. అయ్యగారు అడిగేదానికి ఏం చెప్పాలో కూడా ఆయన చేత వల్లె వేయించింది.

ఆరాధన సగంలో ఉండగా వెలుతురు తగ్గింది. సముద్రం వైపు నుంచి గాలి లేచి గుడి కిటికీ రెక్కలు కొట్టుకున్నాయి. వేసవంతా మాడిపోయిన జనం, వానొస్తుందని సంబరంగా ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. చిన్నాన్న ఒక్కడే మెడ తిప్పి కిటికీలోంచి తాటిచెట్ల వైపు చూస్తున్నాడు. అంతలో అయ్యగారు ఆయన్ను ముందుకు పిలిచారు.

"ఎజ్రా, దేవుడు నీ చేతికి అప్పగించిన పనిలో నమ్మకంగా నడుచుకుంటున్నావా?"

'నడుచుకుంటున్నానండి' అనాలి. అంతే. చిన్నాన్న మళ్ళీ కిటికీ వైపు చూశాడు. పిన్ని వెనక నుంచి అందించబోయి ఆగింది.

"లేదండి అయ్యగారూ" అన్నాడు చివరికి. "నిన్న పేరంటాలమ్మ ఇంటికి నడికొప్పు ఎండు నారతో కట్టొచ్చానండి. అయిపోయిందని నోటితో చెప్పానండి. ఈ గాలికి అది ఆగదు. కింద పసిబిడ్డ ఉంది. నేను పోవాలండి."

అయ్యగారు ఆయన మొహంలోకి కాసేపు చూసి, "వెళ్ళు" అన్నారు.

సున్నం వేసేటప్పుడు వాడే నిచ్చెన ఒకటి గుడి వెనకాల ఉండేది. చిన్నాన్న దాన్ని భుజాన వేసుకుని, గంజి పంచెతో, కొత్త కండువాతో బజారు వెంబడి పరుగు. వెనక పిన్ని. పిన్ని చేతిలో నా చెయ్యి. నాకు ఒళ్ళు మండిపోతోంది. ఆ ఒక్క ముక్కా అనేసి, పెద్దగా నిలబడి, తరవాత పరిగెత్తితే ఏం పోయింది? దేవుడు మాత్రం ఆ కాస్త ఆగడా?

టీ కొట్టు వీరాస్వామి నవ్వు పట్టలేకపోయాడు. "ఏంటి ఎజ్రా, ఆదివారం నిచ్చెనెత్తావేంటి? దేవుడు మారాడా?"

"ముందు దారియ్యన్నా, మాటలు తరవాత" అన్నాడు చిన్నాన్న.

మేం చేరేసరికి చినుకులు మొదలయ్యాయి. నడికొప్పు మీద ఆకులు లేచి కొట్టుకుంటున్నాయి. లోపల గంగాదేవి బిడ్డను ఒళ్ళో పెట్టుకుని మూలకి ముడుచుకుంది. పేరంటాలు చేపల తట్ట బోర్లించి వాళ్ళ నెత్తిన గొడుగులా పట్టుకుని నిలబడింది. మగవాళ్ళు వేటకు పోయారు, ఇంట్లో తాళ్ళన్నీ పడవ మీదే ఉన్నాయి. చిన్నాన్న పైకెక్కి ఇటూ అటూ చూశాడు. మెడలోంచి కండువా లాగాడు. పంటితో కొరికి పొడుగునా చీల్చాడు.

"చిన్నాన్నా, కండువా!" అని కింద నుంచి అరిచాను.

"తెలుసులేవే! మంచిదే కొన్నావు, గట్టిగుంది" అన్నాడు పైనుంచి.

వానలో తడిసిన ఆ పేలికలతో నడికొప్పంతా బిగించి కట్టాడు. వాన జోరందుకుంది. కప్పు ఆగింది. దిగి, నీళ్ళోడుతూ లోపలికి తొంగిచూస్తే గంగాదేవి పక్కన నేల మీద తడి మరక. ఆయన మొహంలో రక్తం లేదు.

పేరంటాలు కిసుక్కున నవ్వింది. "వాన కాదులే అన్నా. మా మనవడు!"

చిన్నాన్న గుమ్మంలోనే చతికిలబడ్డాడు. నవ్వబోయి ఏడ్చాడు. "నిన్న అయిపోయిందన్నాను కదమ్మా. అది అబద్ధం" అన్నాడు. పేరంటాలు తాగడానికి నీళ్ళు తెచ్చింది. ఎప్పుడూ పైనుంచి దోసిట్లో పోసే మనిషి, ఆ రోజు చెంబు చేతికిచ్చింది.

మరుసటి ఆదివారం ఆయన సంఘం ముందు నిలబడ్డాడు. "ప్రార్థనకి ఆలస్యమవుతుందని పని ఎగ్గొట్టానండి. దేవుడి పేరు చెప్పుకుని ఒక బాలింత ఇంటి మీద ఎండు నార కట్టానండి. నాకు పెద్దరికం వద్దండి" అన్నాడు. అయ్యగారు ఆ రోజు ప్రసంగం చెప్పలేదు. ఒక పాట పాడించి అందర్నీ పంపేశారు. పెద్దరికం మోషే మేష్టారికి పోయింది. ఆయన మంచివాడే. అయినా చాలా ఏళ్ళు ఆయన కనపడితే నేను తల తిప్పుకునేదాన్ని.

పిన్ని దగ్గర నా బాధ వెళ్ళబోసుకుంటే, "ఏడిసినట్టుంది. నేను పెళ్ళాడింది ఇళ్ళు కప్పేవాణ్ణి. ఇప్పుడూ కప్పుతున్నాడుగా" అంది. కాని అంత తేలిగ్గా అనేశాక ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకోవడం నేను చూశాను.

అనుకున్నట్టే చిన్నాన్న వాన పడిన మర్నాడు, సోమవారమే వెళ్ళి నానిన నారతో నడికొప్పు తిరిగి కట్టాడు. పేలికలు విప్పబోతే పేరంటాలు ఒప్పుకోలేదు. ఎండకీ వానకీ నల్లబడేదాకా అవి సూర్యలంక దారిన పోయేవాళ్ళకి కనపడుతూనే ఉండేవి. చిన్నాన్నకి ఇంకో కండువా కొంటానని నేనెన్నిసార్లన్నా, "నాకెందుకే, మెడకి బరువు" అనేవాడు.

1976 చలికాలంలో జ్వరం తగిలి, ఆయన మరి లేవలేదు. పిన్ని పుట్టినూరు రేపల్లె నుంచి కూడా జనం వచ్చారు. తెల్లబట్టలు కట్టి పెట్టెలో పడుకోబెట్టాం. పాట అయింది. మూత వేయబోతుంటే పేరంటాలు వచ్చింది, నెత్తిన తట్టతో. వెనకాల మనవడు. తట్ట దించి, అందులోంచి మడతపెట్టిన కొత్త కండువా తీసింది. తెల్లది, నీలం అంచు.

"మీలో ఎట్టా చేస్తారో నాకు తెలవదండి" అంది అయ్యగారితో. "మా ఇంటి కోసం ఈయన కండువా పోగొట్టుకున్నాడు. పెద్దమనిషిని ఉత్త మెడతో ఎట్టా పంపుతారండి?"

అయ్యగారు అప్పటికి ముసలివారయ్యారు, వంగలేకపోయారు. మోషే మేష్టారు ముందుకొచ్చి రెండో కొస పట్టుకున్నాడు. పేరంటాలూ ఆయనా కలిసి చిన్నాన్న మెడలో వేశారు. పిన్ని వచ్చి మడత సరిచేసి, ఒకడుగు వెనక్కేసి చూసుకుంది.