కళ్లకు అద్దుకున్న చెయ్యి

నాకు పని నేర్పింది మిర్యాలగూడ రైస్ మిల్లులు. అక్కడ ఏ కంట్రోల్ ప్యానెల్ తలుపు తీసినా ముందు పిడికెడు తవుడు రాలుతుంది. నోటితో ఉఫ్ అని ఊది, చొక్కా అంచుతో తుడిచి, ప్యానెల్‌ను ఒకసారి తాకి ఆ చెయ్యి కళ్లకు అద్దుకుని, అప్పుడు స్క్రూడ్రైవర్ పట్టుకుంటాం. అది భక్తో భయమో ఎప్పుడూ ఆలోచించలేదు. కరెంటుతో పనిచేసేవాళ్లం, మొక్కకుండా చెయ్యి పెట్టం. మా పెద్ద మేస్త్రి అలాగే చేసేవాడు. ఇరవై ఏళ్లుగా నేనూ అదే చేస్తున్నాను.

సూర్యాపేటలో కాపురం పెట్టాక కోదాడ రోడ్డు మీద ఉన్న ఒక ఇంజెక్షన్ల కంపెనీ పని దొరికింది. చిన్న సీసాల్లో మందు నింపే మిషన్‌ను నడిపించే కంట్రోలర్ మొరాయిస్తే నన్ను పిలుస్తారు. ఆ మిషన్ ఉండేది స్టెరైల్ రూములో. అక్కడి గాలిలో కూడా సూక్ష్మక్రిమి ఉండకూడదు. లోపలికి పోవడమే ఒక తతంగం. స్నానం చెయ్యాలి. ఉంగరం, వాచీ, చేతికున్న ఎర్రదారం బయట పెట్టాలి. మొలతాడు జోలికి రాలేదు, అదే పదివేలు. తల నుంచి పాదాల దాకా తెల్ల సూటు, మాస్కు, కళ్లద్దాలు, రెండు జతల గ్లవ్స్. నడిస్తే మెల్లగా నడవాలి, మాట్లాడితే తక్కువ మాట్లాడాలి. నాబోటి వాగుడుకాయకు అంతకన్నా శిక్ష లేదు. గ్లవ్స్‌తో ముఖం ముట్టుకోవద్దని ట్రైనింగ్‌లో వందసార్లు చెప్పారు. నేను చిన్నపిల్లాడినా అని లోపల లోపల చిరాకుపడ్డాను.

లోపల మిషన్ చూసుకునే అమ్మాయి తుంగతుర్తి అవతల ఒక తండా నుంచి వచ్చేది. బయటివాళ్లు ఎవరు లోపలికి వచ్చినా వాళ్ల చేతుల మీద కన్నేసి ఉంచడం కూడా ఆమె పనే. పరీక్ష మీద పరీక్ష పాసై ఆ గదిలోకి పోయే అర్హత తెచ్చుకోవడానికి ఏడాదిన్నర పట్టిందని ఒకరోజు క్యాంటీన్‌లో చెప్పింది.

"మా తండల ఇసొంటి పని చేసేటోళ్లు ఎవ్వల్లేరన్నా. నేనే మొదలు" అంది. అన్నం తినడం ఆపి మరీ చెప్పింది.

పోయిన ఎండాకాలం ఒక మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. మిషన్ ఆగిపోయింది. ట్యాంకులో మందు కలిపి ఉంది, సాయంత్రంలోగా సీసాల్లోకి ఎక్కాలి. ఆ గడువు దాటితే మొత్తం పారబోయాల్సిందే. పరుగున పోయి, స్నానం చేసి, సూటు తొడుక్కుని లోపలికి వెళ్లాను. రబ్బరు మూతలు వస్తున్నాయో లేదో చూసే సెన్సార్ నుంచి సిగ్నల్ లేదని స్క్రీన్ చెబుతోంది. అంతకు ముందు నాలుగైదుసార్లు వచ్చాను గానీ, అన్నిసార్లూ గోడ పక్కనున్న ప్యానెల్‌తోనే పని. మిషన్ లోపల చెయ్యి పెట్టడం అదే మొదలు.

అద్దం తలుపు తీశాను. మూతల గిన్నె పక్కన సెన్సార్ కనెక్టర్ అదురుకు వదులైంది. నొక్కి బిగించాను. స్క్రీన్ మీద పచ్చ లైటు వెలిగింది. రెండు నిమిషాల పని. నా పనితనానికి నేనే మురిసిపోతుంటే ఆ అమ్మాయి అరచెయ్యి అడ్డం పెట్టింది.

"అన్నా, ఆగుండ్రి. చెయ్యి బయటికి తియ్యిండ్రి."

"ఏమైంది? మంచిగైంది గద."

"తలుపు తీసినంక మిషన్‌కు మొక్కిండ్రు. చెయ్యి కళ్లద్దాలకు తాకింది. గదే చెయ్యి మూతల మీదికెళ్లి పోయింది."

మొక్కినట్టు నాకే తెలియదు. ఆమె చెప్పాక తెలిసింది. వేళ్లకు ఇంకా ఆ కళ్లద్దాల అంచు తగిలినట్టే ఉంది.

"ఏం గాదు లేమ్మా. ఎవరు సూసిండ్రు?" అన్నాను.

"నేను సూసిన" అంది. పోయి ఇంటర్‌కమ్ బటన్ నొక్కింది.

మూతలన్నీ పారేశారు. గదంతా మళ్లీ క్రిములు చంపే మందుతో తుడవాలన్నారు. అది అయ్యేసరికి గడువు దాటింది. ట్యాంకు మొత్తం పారబోశారు.

మర్నాడు విచారణ. క్వాలిటీ మేనేజర్ కోదాడ ఆయన, మెత్తగా మాట్లాడతాడు.

"కెమెరాలో మీ వీపే కనపడుతోందండీ. చెయ్యి ఎటు పోయిందో తెలియట్లేదు. ఈ అమ్మాయేమో మీరు కళ్లద్దాలు ముట్టుకున్నారంటోంది. నిజమేనా?"

ఆమె నా పక్క కుర్చీలోనే కూర్చుని ఉంది. నా వైపు చూడను కూడా లేదు. నిజమే చెబుతానని అనుకుందేమో. నేను ఔనంటే ఆమె చేసింది సరైన పని. కాదంటే ఉత్త భయంతో ట్యాంకు మందు పారబోయించిన మనిషి. ఆ తేడా నాకు తర్వాత తెలిసిందని చెబితే అబద్ధమవుతుంది. ఆ కుర్చీలో కూర్చున్నప్పుడే తెలుసు.

"గుర్తు లేదు సార్" అన్నాను.

ఇంటికి వచ్చి పప్పులో ఉప్పు లేదని మా ఆవిడ మీద అరిచాను. ఉప్పు సరిగానే ఉంది.

వారం తిరక్కుండా ఆ అమ్మాయిని ప్యాకింగ్‌కు పంపేశారు. స్టెరైల్ రూముకు ఆమె అర్హత రద్దు చేశారు. నేను మాత్రం ఎప్పటిలాగే పోతూ వస్తూ ఉన్నాను. బయటివాణ్ణి, నా మాట ఎంత, ఆమె ఎలాగూ చిన్నది, మళ్లీ పరీక్షలు రాసుకుంటుంది అని నాకు నేను చెప్పుకున్నాను. అన్నీ సాకులే.

మూడు నెలల తర్వాత ప్యాకింగ్‌లో లేబుల్ మిషన్ చెడిపోయి పిలిచారు. ఆమె అక్కడ అట్టపెట్టెలు మోస్తోంది. నన్ను చూసి ఆగి, "నీళ్లు తాగుతరా అన్నా?" అని సీసా అందించింది. ముఖం తిప్పుకున్నా బాగుండేది. ఒక గుక్క తాగి సీసా తిరిగిచ్చాను. సిగ్గేసింది.

మర్నాడు తెల్లకాగితం మీద జరిగింది జరిగినట్టు రాసి మేనేజర్‌కు ఇచ్చాను. ఆయన రెండుసార్లు చదివాడు. ఆ విచారణ రిపోర్టు ఎప్పుడో మూసేశామన్నాడు. "ఆ సీట్లోకి వేరే ఆవిడ వచ్చేసింది కదండీ. ఇప్పుడు నేనేం చెయ్యను?" అన్నాడు. నన్ను కూడా ఇక ఆ గదిలోకి రానిచ్చేది లేదన్నాడు. అది న్యాయమే.

సాయంత్రం డ్యూటీ దిగాక ఆ అమ్మాయి గేటు ముందు కంపెనీ బస్సు కోసం నిలబడి ఉంది. దగ్గరికి పోయాను.

"సార్‌కు అంత రాసిచ్చిన చెల్లె. తప్పు నాదే అని."

"ఎరికే అన్నా. సారు పిలిసి చెప్పిండు."

"నిన్ను మళ్ల లోపటికి..."

"తీసుకోరంట."

కోపం లేదు ఆమె గొంతులో. బస్సు వస్తే టిఫిన్ డబ్బా సంచీ భుజానికి తగిలించుకుని మెట్టు మీద కాలు పెట్టింది.

"ఆ దినం మీ పక్కన్నే కూసున్న గదన్నా" అంది. "అప్పుడు చెప్తే అయిపోతుండె."