సావు అక్షరంలో సన్మానం

తిరుపతిలో నాది ఫ్లెక్సీల అంగడి. నా కంప్యూటర్లో ఒక లావు అక్షరం, అదే ఫాంటు, ఉండాది. గీతలన్నీ బాగా మందం, కొసలకు చిన్న చిన్న పాదాలు, అయినా యాడా మొనదేలదు. మూలలన్నీ అరిగిపోయిన సబ్బుబిళ్ల మాదిరి ఉంటాయి. బస్సులో పోయేవాళ్లకు కూడా కనపడతాది గానీ గద్దించినట్టు ఉండదు. అందుకేనేమో మా పక్క కన్నీటి అంజలి ఫ్లెక్సీలన్నీ అందులోనే ఏయించుకుంటారు. పెండ్లికి అదే పెడతానంటే నన్ను కొట్టేదానికి వస్తారు.

నాయన బంగారుపాళ్యం మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో రిటైరైతే, తోటోళ్లు సన్మానం పెట్టినారు. ఫ్లెక్సీ నేనే చేస్తానంటిని. పెండ్లిళ్లకు వాడే వంకీల అక్షరం పెట్టి చూపిస్తే నాయన తల అడ్డంగా ఆడించి, ఆ లావుదాన్ని ఏలుతో చూపించినాడు. అది సావు అక్షరం నాయనా, నీకేమన్నా మతిపోయిందా అని ఎగిరినాను. బాగా కనపడతాది, అదే ఎయ్యి అన్నాడు. మొండిమనిషి. పైగా ఇంకోటి ఏయించి, ఐరాలలో బస్సులు ఆగే తావున కట్టించమన్నాడు. ఆడుండే సుట్టాలు చూస్తారంట.

ఐరాలలో ఉండేది మా మేనత్త, నాయనకు అక్క. చేని గట్టు తగాదా అయినప్పటి నుంచి మా గడప తొక్కలా. నా పెండ్లికీ రాలా. సన్మానానికి నాయనే పోయి పిలిస్తే తలుపు కూడా తియ్యలా.

సన్మానం రోజు పొద్దున నాయన ఉప్మా తింటా ఉండాడు. వీధి మొదట్లో ఏడుపు ఇనపడింది. "ఓరి నా తమ్ముడా" అని గుండెలు బాదుకుంటా వస్తా ఉండాది అత్త. కొప్పు ఊడిపోయింది, చేతిలో పూలదండ. నా పానం ఆడే పోయింది. ఆమెకు చదువు రాదు. కానీ ఆ అక్షరం మొహం చదువు రానోళ్లకు కూడా ఎరికే. తమ్ముడి ఫొటో కింద దాన్ని చూసి, ఎవరినీ అడక్కుండానే బస్సెక్కేసింది.

లోపలికొచ్చి, తట్ట ముందర కూర్చోనుండే నాయనను చూసి కొయ్యబారిపోయింది. దండ జారి కిందపడింది. ఈమెకు ఈడే ఏమన్నా అయితే ఎట్లరా దేవుడా అని పట్టుకునేదానికి ముందుకు పోయినాను. అత్త తేరుకుని, నాయన చెంప పగలగొట్టింది. మళ్లా అదే చేత్తో ఆ చెంప నిమిరింది.

"పిలిస్తే రాలేదు గదక్కా," అన్నాడు నాయన. "సచ్చినానంటే వస్తావని తెలుసు."

బాగా కనపడతాదని కాదు, ఇందుకా ఆ అక్షరం! కన్నతండ్రయినా సరే, నాలుగు కడిగేయాలని నోరు తెరిచినాను. అంతలో అత్తే అడిగింది, గట్టిగా కూడా కాదు.

"రేపు నిజంగా పోతే, నేనెట్ట నమ్మేదిరా?"

నాయన మొహం పాలిపోయింది. తను తింటా ఉండే తట్ట ఆమె ముందరికి జరిపినాడు.