పాతర ఊపిరి

రెండు నెలల కిందట అనంతపురం డాక్టరు మా మనవరాలి కడుపు జబ్బుకు ఐబీఎస్ అని ఒక పేరు చెప్పి, పేగుల్లో పుండూ పురుగూ ఏమీ లేవు, మందుతో పాటు రోజూ కాస్త యోగా, ధ్యానం చేయించండి అని పంపించాడు. పదిహేనేళ్ళ పిల్ల, పరీక్ష అనే మాట వినబడితే చాలు పొత్తికడుపు మెలిపెడుతుంది, బడి బస్సు వచ్చేలోపు నాలుగుసార్లు లోపలికి పరుగెత్తుతుంది. ఒక్కతే చేయాలంటే సిగ్గుగా ఉందంటే, మూడో అంతస్తులోని మా ఇంటి హాల్లో దాని చాప పక్కన నేనూ దుప్పటి పరచుకుని వెల్లకిలా పడుకున్నాను. ఫోనులోంచి ఎవరో ఊపిరిని గమనించమన్నారు. ఆ క్షణంలోనే నా వెన్ను కర్రలా బిగుసుకుంది. నేలకు వీపు ఆనించి ఊపిరి వినడం నేను నలభై అయిదేళ్ళ కిందటే మానుకున్నాను.

ఎందుకు మానుకున్నానో చెప్పాలంటే మా పాతర దగ్గర మొదలుపెట్టాలి. మన ఈడు వాళ్ళకు పాతరను విడమరచి చెప్పనక్కరలేదు గానీ, మనవరాలికి చెప్పినట్టే చెబుతాను: ఇంటి ముందు రెండు నిలువుల లోతు గొయ్యి తవ్వి, లోపల గడ్డి పరచి, కొర్రలో రాగులో నింపి, మూతి మీద బండ వేసి మట్టితో మెత్తేస్తారు. కంబదూరు పక్క మా ఊళ్ళో మాది పెద్దిల్లు. నాయన తండ్రిని మేము జేజినాయన అనేవాళ్ళం; ఆయన కాలంలో కరువు వచ్చిన ప్రతిసారీ ఊరంతా మా పాతర తెరిచేదాకా ఎదురుచూసేదట. డెబ్బైలలో నేను బడికి పోయేనాటికి అందులో పిడికెడు గింజలు లేవు. వానలు ఎగ్గొట్టిన ఏళ్ళు ఒకదాని వెనక ఒకటి వచ్చి అన్నీ తినేశాయి. అయినా నాయన ప్రతి శుక్రవారం ఆ బండను పేడతో అలికించి, పసుపు కుంకుమ పెట్టించేవారు, నిండు పాతరకు చేసినట్టే. లోపల ఖాళీ అన్నది ఆయనకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదని మా నమ్మకం.

అలకడానికి వచ్చేది ఒక ముసలి అవ్వ. ఆమె మొగుడు ఆ పాతరలోనే పోయాడు. మూసిన పాతరలో గాలి చెడిపోతుంది. తెరిచాక ఒక పూట అలా వదిలేసి, లాంతరు దించి చూసి, అది ఆరిపోకుండా వెలుగుతుంటేనే మనిషి దిగాలి. ఆ రోజు గింజల కోసం ఊరు వాకిట్లో నిలబడి ఉంటే, వాళ్ళ ముందు ఆగడం నామోషీ అని జేజినాయన తొందరపెట్టారట. లాంతరు దించకుండానే అతణ్ణి దింపారు. ఈ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కారు.

నా కడుపునొప్పి పద్నాలుగో ఏట మొదలైంది. నాయన దిష్టి అన్నారు. ఆ మాట అనేటప్పుడు ఆయన ముఖంలో దిగులుతో పాటు ఒక సన్నని సంతోషం ఉండేదని ఇప్పుడు అనిపిస్తుంది. దిష్టి తగలాలంటే మనకు ఇంకా ఏదో ఉందని ఊరు నమ్మాలి కదా. పొద్దున బడికి బయలుదేరేలోపు మూడుసార్లు చెంబు పట్టుకుని వంక వైపు పోవాలి, అదీ వీధిలో అందరూ చూస్తుండగా. ‘ఒరే, పెద్దింటి దొర మళ్ళా చెంబెత్తినాడురోయ్!’ అని అరుగుల మీద పిల్లలు అరిచేవాళ్ళు. నేను పరుగెత్తేవాణ్ణి కాను. మా ఇంటి మగవాళ్ళు వీధిలో పరుగెత్తరు. కడుపులో కత్తులు తిరుగుతున్నా తల ఎత్తి, వెన్ను నిలబెట్టి నడిచేవాణ్ణి. పదో తరగతి లెక్కల పరీక్షలో మాత్రం సగంలో లేచి బయటికి పోవలసివచ్చింది, తిరిగి లోపలికి రానివ్వలేదు, తప్పాను. రెండోసారి కూడా లేస్తే చదువు చాలించి పొలం చూసుకోమన్నారు నాయన. బీటలు వారిన ఆ పొలంలో చూసుకోవడానికి ఏముందో ఆయనకూ తెలుసు.

మా బడి డ్రిల్లు సారు మడకశిర వైపు మనిషి. ఎలా పసిగట్టారో, సాయంత్రాలు నన్ను వరండాలో పడుకోబెట్టి, మోకాళ్ళు కడుపుకు అదిమిపట్టడం, ఆ తర్వాత శవాసనం, ఊపిరిని పీల్చినదానికి రెట్టింపుసేపు వదలడం నేర్పారు. అన్నీ వచ్చాయి గానీ శవాసనం రాలేదు. ‘ఏమప్పా, పండుకోని గూడా అటెన్షన్లోనే ఉండావే! నేల నిన్ను మింగదులే, వదులు’ అని నవ్వేవారు. ఆ మాటకు నాకు నవ్వు రాలేదు.

పొద్దున్నే ఏమీ తినకముందు ఇంట్లో చేయమన్నారు. మా ఇంటి ముందు రాళ్ళు లేని నున్నటి చోటు ఒక్కటే ఉండేది, అలికిన పాతర మూత. తూరుపు తెల్లబడే వేళ దాని మీద పడుకుని కళ్ళు మూసుకున్నాను. నేను పీల్చి ఆపాను. కింద ఎవరో వదిలారు. బండ అంచున మట్టి పగిలిన సందులోంచి చల్లటి గాలి నా మెడ వెనక తగిలింది, పాత గడ్డి వాసనతో. నేను వదిలాను, కింద పీల్చిన చప్పుడు. ఊపిరి బిగబట్టి చూశాను; అది మాత్రం ఆగలేదు.

వారం రోజులు అలాగే జరిగింది, నొప్పి ఎక్కువైంది, పరీక్ష దగ్గరపడింది. శుక్రవారం పేడ గంపతో అవ్వ వచ్చేసరికి నేనింకా బండ మీదే కూర్చుని ఉన్నాను.

‘యేం సామీ, మొగం అట్ల పాలిపోయిండాది?’

ఏమీ లేదన్నాను. ఆమె నా పక్కన కూర్చుని, బండ మీద అరచేత్తో రెండు దెబ్బలు చరిచింది.

‘ఇన్నేండ్లు అలుకుతాండా. లోపల గింజ ఉండాదో లేదో నా చెయ్యికి తెలీదా? ఎవురికీ చెప్పలేదులే.’ నా తల వంగిపోయింది. ఆమె గొంతు తగ్గించింది. ‘దీంట్లో పోయినాడే మా ఆయప్ప, ఆయప్ప ఊపిరే అది. నాకూ ఇనపడ్తాది. నువ్వు బిగబట్టుకోని ఉండావు గదా, నీ బదులు ఆయప్ప తీస్తాండాడు. వదిలేయ్ సామీ. మీ ఇంట్లో ఎవురూ వదల్లా ఇంతవరకు.’

ఆమెను క్షమించమని అడగాలి. మా ఇంట్లో ఆ మాట నాకెవరూ నేర్పలేదు. మళ్ళీ పడుకుని, ఆమె చూస్తుండగానే, కడుపు అడుగునుంచి ఊపిరి మొత్తం వదిలేశాను. వెన్ను మొదటిసారి బండకు ఆనింది.

పరీక్ష రోజు గంట కొట్టగానే కడుపు మెలితిరిగింది. కళ్ళు దించి, పొడుగ్గా వదిలాను. పరీక్ష పెట్టిన ఊరు వేరు, ఆ గది వేరు, కింద ఉన్నది సిమెంటు నేల. అయినా నా బెంచీ కిందినుంచి ఎవరో పీల్చారు, పాత గడ్డి వాసన వచ్చింది. ఒళ్ళు జలదరించింది, కడుపు నెమ్మదించింది. చివరి గంటదాకా లేవలేదు. ప్యాసయ్యాను, దూరపు ఊళ్ళో గుమాస్తా ఉద్యోగం వచ్చింది, నేల మీద పడుకోవడం మానేశాను. కృతజ్ఞత చెప్పవలసిన చోట భయపడ్డాను. అవ్వ పోయిందని ఆర్నెల్ల తర్వాత ఎవరో చెబితే తెలిసింది. నాయన పోయేదాకా ఆ బండ మీద పసుపు మాత్రం తప్పలేదు. ఇప్పుడు పాతరను మట్టితో పూడ్చి, దాని మీద ఎరువుల దుకాణం కట్టారు.

ఆ రోజు హాల్లో మనవరాలు ఉన్నట్టుండి కళ్ళు తెరిచింది. ‘తాతా, నువ్వు పీల్చేటప్పుడే వదుల్తాండావు. అదెట్లొస్తాది?’

దానికి కూడా వినబడిందన్నమాట. అప్పుడు చెప్పాను, మా పాతర ఖాళీ అని, అందులో ఒక మనిషి పోయాడని, లాంతరు దించనివ్వనిది మా జేజినాయనే అని. మా వంశంలో ఆ మాట పైకి అనడం అదే మొదలు. మనవరాలు కడుపు మీద చేతులు పెట్టుకుని మొత్తం విన్నది. తన జబ్బును స్నేహితులందరికీ పేరుతో సహా చెప్పేసే పిల్ల, ఇందులో దాచడానికేముంది అన్నట్టు చూసింది. మా కాలంలో కడుపునొప్పిని కూడా బండ కింద పెట్టి అలికేవాళ్ళం.

మళ్ళీ పడుకుని ఇద్దరం చెవులు పెట్టాం. వీధిలో ఆటోలు, కింది అంతస్తులో మిక్సీ, మా ఇద్దరి ఊపిరి. అంతే. మనవరాలికి ఈమధ్య నొప్పి తగ్గుముఖం పట్టింది, బస్సు వేళకు కిందికి దిగి నిలబడుతోంది. నేను మాత్రం రోజూ పొద్దున అదే దుప్పటి పరచుకుంటున్నాను. అన్నేళ్ళు భయపడి పారిపోయిన ఆ మూడో ఊపిరి కోసం, నేలకు వీపు ఆనించి, చాలాసేపు వింటున్నాను.