ఆగని కుర్చీ

టెల్కో కాలనీలో మా క్వార్టర్ ముందుగదిలో ఆదివారాలు నలుగురం చేరేవాళ్లం. మోటార్లు తిప్పే చిన్న కంట్రోలర్ బోర్డులను వైర్లు లేకుండా రిమోట్‌తో నడిపించే ప్రోగ్రాములు సరదాగా రాసి, అందరం వాడుకునేలా ఒకచోట పెట్టేవాళ్లం. దాన్నే లైబ్రరీ అనేవాళ్లం. అందులో ఒక నియమం మా నలుగురిలో ఒకడైన నా స్నేహితుడు రాసింది: రిమోట్ నుంచి సిగ్నల్ అందకపోతే మోటారు వెంటనే ఆగిపోవాలి.

ఒక స్కూలు ప్రదర్శనలో ఆ నియమం నన్ను నవ్వులపాలు చేసింది. హాలు నిండా ఫోన్లు. వాటి అడ్డుకి సిగ్నల్ తెగి మా బొమ్మకార్లు మాటిమాటికీ ఆగుతున్నాయి. "అంకుల్, ధక్కా లగాఊఁ?" అని ఒక పిల్ల తొయ్యబోయింది. భోజనాల వేళ ఎవరికీ చెప్పకుండా ఆ నియమం తీసేశాను. సిగ్నల్ పోయినా ఆఖరున నొక్కిన బటన్ ప్రకారమే బండి సాగిపోయేలా మార్చాను. మధ్యాహ్నం చప్పట్లు కొట్టారు. మర్నాడు సరిచేద్దామనుకున్నాను, చేయలేదు. కుదుపులు పోయాయని చెప్పి అదే మిగతావాళ్లకి పంపాను. ఏం తీసేశానో చెప్పలేదు.

నా స్నేహితుడు దాన్ని నమ్మి వాళ్ల నాన్న మోటారు చక్రాల కుర్చీకి ఎక్కించాడు. ఆయన టెల్కో ప్లాంటులో పనిచేసి రిటైరైన మనిషి. పక్షవాతం వచ్చాక, గోవింద్‌పూర్‌లో తమ ఇంటి నుంచి టీకొట్టు దాకా ఒక్కరే వెళ్లగలిగేది ఆ కుర్చీలోనే. ఒక పొద్దున్న కుర్చీ నడిపే రిమోట్ ఆయన కుడిచేతిలోంచి జారి రోడ్డు మీద పడి పగిలింది. కుర్చీ ఆగలేదు. కాలువలో పడబోతుంటే కూరగాయలతను పట్టుకున్నాడు. దెబ్బలు తగల్లేదు గానీ, సందులో అందరి ముందూ భయానికి ఆయన లుంగీ తడిసిపోయింది.

కబురు విని వెళ్లాను. స్నేహితుడు కుర్చీ విప్పబోతుంటే, పడ్డప్పుడు రిమోట్‌లో ఏదో అతుక్కుని సిగ్నల్ వెళ్తూనే ఉండి ఉంటుందని నేనే ముందుగా అన్నాను.

"నా సెయ్యేరా, జారిపోనాది," అన్నారాయన మంచం మీంచి.

నేను కాదనలేదు. ఇంటికొచ్చి లైబ్రరీలో ఆ నియమం మళ్లీ పెట్టేశాను, చడీచప్పుడూ లేకుండా. ఆయన మాత్రం మళ్లీ కుర్చీ ఎక్కలేదు.

వానలు వెళ్లాక ఒకసారి వాళ్లింటికి వెళితే, కోడలు ఆయనకి గ్లాసుతో టీ పట్టిస్తోంది. కుడిచెయ్యి పనిచేస్తోంది కదా అన్నాను. ఆ చేతిని నమ్మడం మానేశానన్నారు. అప్పుడు చెప్పాను, కొడుకు ముందే, అంతా. రిమోట్ పగలగానే కుర్చీ ఆగాల్సిందేనని, ఆగకుండా చేసింది నేనని.

ఆయన తన చెయ్యి చూసుకున్నారు.

"మరి అప్పుడే సెప్పలేదేటి బాబూ? ఇన్నాళ్లూ ఈ సెయ్యినే తిట్టుకుంతన్నాను."

స్నేహితుడు నావైపు చూడకుండా, "అబ్ తూ జా," అన్నాడు, ఇక వెళ్లమని. అప్పటిదాకా నాతో ఎప్పుడూ తెలుగులోనే మాట్లాడేవాడు.

లేచాను. కోడలు గ్లాసు ఆయన చేతికి అందించబోయింది. ఆయన చెయ్యి దుప్పటి మీదే ఉంది. టీ పట్టించమని నోరు తెరిచారు.