లోపల తెల్లగా ఉండాల్సిన గిన్నె

రిటైర్మెంటుకి రెండేళ్ల ముందు, మార్చి నెలలో, చైనా చక్రవర్తుల ఆస్థానపు పింగాణీ ప్రదర్శనకు నన్ను వేశారు. మిషిగన్‌లోని ఒక మ్యూజియంలో నేను సీనియర్ కన్జర్వేటర్‌ని. పాత వస్తువులను శుభ్రం చేసి, విరిగినవాటిని అతికించే ఉద్యోగం.

ఆ ఆస్థానంలో విందు గిన్నెల రంగు హోదాను బట్టి ఉండేది. లోపలా బయటా పసుపైతే చక్రవర్తికి, రాజమాతకు, పట్టపురాణికి. బయట పసుపు, లోపల తెలుపైతే పట్టపురాణి తర్వాతి రాణికి. మా గిన్నె మొత్తం పసుపే. రిజిస్టర్‌లో ‘పట్టపురాణిది’ అని ఉంది.

లోపలి మురికి తీద్దామని దూదిపుల్లను అసిటోన్‌లో ముంచి తుడిచాను. దూది పసుపెక్కింది. బట్టీలో కాలిన రంగు అసిటోన్‌కి ఊడదు. సీసా మారిందేమోనని లేబుల్ రెండుసార్లు చదివాను. అసిటోనే. గిన్నె అడుగున గోరంత తెల్లటి మచ్చ. నేనే పాడుచేశానా?

వస్తువుల రికార్డులు చూసే రిజిస్ట్రార్ సుమతిని పిలిచాను. ఆవిడది ఒంగోలు. “ఏంటి ప్రసాద్ గారూ, కలర్ పోతోందా?” అంది.

“ఏం జరుగుతోందో నాకే అర్థం కావట్లేదమ్మా.”

“యూవీ లైట్ కింద చెక్ చేశారుగా? ఫారంలో టిక్ ఉంది.”

చెక్ చేయలేదు. ప్రదర్శన దగ్గర పడిందని, రిజిస్టర్‌ను నమ్మి, టిక్ మాత్రం పెట్టాను. ఆ మాటే సుమతికి చెప్పాను.

సుమతి నా వంక చూడలేదు. “ముందు ఫారం కరెక్ట్ చేయండి. తర్వాత లైట్ ఆన్ చేద్దాం,” అంది.

ఆ వెలుగులో లోపలి పసుపు ఒకలా, బయటి పసుపు మరోలా కనిపించాయి. లోపలిది తర్వాతెవరో వేసిన పెయింటు. క్యురేటర్ రాతపూర్వకంగా అనుమతించాక మూడు రోజులు కూర్చుని మొత్తం తీశాను. ప్రదర్శనలో గిన్నె మధ్యనున్న అద్దాల పెట్టెలోంచి పక్క అరలోకి, రెండో రాణి పేరు కిందికి మారింది. చేయని పరీక్షకు టిక్ పెట్టినందుకు నాకు మెమో వచ్చింది.

ప్రారంభం రోజు, గిన్నెను ఇచ్చిన దాతగారి కూతురు వచ్చారు. పెద్దావిడ. గిన్నె ఎందుకు తెల్లగా మారిందో సంజాయిషీ చెప్పబోయాను. ఆవిడ తెల్లబోయారు. తమ ఇంట్లో ఉన్నప్పుడూ, మ్యూజియానికి ఇచ్చేటప్పుడూ లోపల తెల్లగానే ఉండేదన్నారు.

అంటే ఆ పెయింటు మా మ్యూజియంలోనే పడింది. రిజిస్టర్‌లో తప్పుగా రాసినదానికి సరిపోయేలా గిన్నెకి రంగు వేశారా, మరేదైనా కారణమా? సుమతీ నేనూ పాత ఫైళ్లన్నీ వెతికాం. ఆ పెయింటు గురించి ఒక్క వాక్యం కూడా దొరకలేదు. నాకు ఇప్పటికీ తెలియదు.

ఎవరో తాము చేసిన పని రాయలేదు. నేను చేయని పని రాశాను. తర్వాత వచ్చే మనిషికి రెండూ ఒకే నష్టం చేస్తాయి. ఆ తర్వాత నేను ఏ ఫారంలోనూ పని పూర్తికాకుండా టిక్ పెట్టలేదు.