కొత్తూరు దాటాక కదలని చుక్క

దయ్యాల కబుర్లు మొదలైతే నేను అక్కడి నుంచి లేచి వెళ్లిపోయేదాన్ని. భయపడి కాదు, విసుగొచ్చి. ప్లాట్ల లేఅవుట్లకు కంప్యూటర్‌లో పటాలు గీయడం నా ఉద్యోగం. గీత కొంచెం పక్కకు జరిగిందంటే దానికో కారణం ఉంటుంది, వెతికితే దొరుకుతుంది. ఇన్నేళ్లలో నాకు దొరకని కారణం ఒక్కటే. అదేమిటో జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మా అన్న నర్సింహ బోరు బండ్ల వాళ్లతో పనిచేసేవాడు. భూమిలో నీళ్లు ఎక్కడ పడతాయో చూసి గుర్తు పెట్టడం, బోరు వేసేటప్పుడు దగ్గరుండడం ఆయన పని. ఆయన దగ్గర ఒక పాత జీపీఎస్ సెట్ ఉండేది. చేతిలో పట్టేంత ఉంటుంది గానీ బరువు, బూడిదరంగు తెర. ఫోన్లలో మ్యాపులు వచ్చాక కూడా దాన్ని వదల్లేదు. నిరుడు ఎండాకాలంలో అన్నకు పక్షవాతం వచ్చింది. కొన్నాళ్లు ఆసుపత్రిలో ఉండి చనిపోయాడు.

ఈ మధ్య ఒక ఆదివారం లక్ష్మి వదిన షాద్‌నగర్ నుంచి శంషాబాద్‌లో మా ఇంటికి వచ్చింది. సంచిలోంచి ఆ సెట్టు, దాని వైరు తీసి బల్ల మీద పెట్టింది.

"మీ అన్న ఏడేడ తిరిగిండో గిండ్ల ఉంటదంట గద పద్మా. జర మ్యాపు మీద చూపియ్యి. పొద్దుగాల పోతుండె, చీకటి పడ్డంక వస్తుండె. ఏ ఊరికి పోతున్నవని నేను అడగలె, ఆయన చెప్పలె."

చూపిస్తానన్నాను. అది అంత సులువు కాలేదు. లోపలి బ్యాటరీలు కారిపోయి తెల్లటి పొడి పేరుకుంది. నిమ్మరసంతో తుడిచి, ఆరబెట్టి కొత్తవి వేస్తే తెర వెలిగింది. కానీ దాని వైరు చివర పాతకాలం కంప్యూటర్లకు పెట్టే వెడల్పాటి ప్లగ్గు. ఇప్పటి ల్యాప్‌టాప్‌లకు ఆ పోర్టే లేదు. ఆ వారంలో పాత కంప్యూటర్ సామాన్లు అమ్మే షాపులో ఒక కన్వర్టర్ కొన్నాను. దాని సాఫ్ట్‌వేర్ ఎక్కించాను. సెట్టూ ల్యాప్‌టాపూ ఒకే వేగంతో మాట్లాడుకునేలా సరిచేసేదాకా తెర నిండా పిచ్చి అక్షరాలే వచ్చాయి.

మరుసటి ఆదివారం వదిన మళ్లీ వచ్చింది. ఆమె కళ్లెదుటే సెట్టులోని సమాచారం ల్యాప్‌టాప్‌లోకి దింపాను. ఏమీ లేదు. ఒక్క దారి లేదు, ఒక్క గుర్తు లేదు. లోపల జ్ఞాపకాన్ని నిలిపి ఉంచే చిన్న సెల్లు ఎప్పుడో చచ్చిపోయింది, దాంతోపాటే అన్నీ చెరిగిపోయాయి. వదిన సెట్టును ఒళ్లోకి తీసుకుంది. కొంగుతో దాని తెర తుడిచింది.

ఆమెను ఉత్తగా పంపించలేక, కనీసం ఇది పనిచేస్తుందని చూపిద్దామని సెట్టూ ల్యాప్‌టాపూ పట్టుకుని డాబా మీదికి తీసుకెళ్లాను. నీళ్ల ట్యాంకు నీడలో కూర్చున్నాం. ఒక విమానం మా తల మీదుగా దిగి పోయేసరికి సెట్టు ఉపగ్రహాలను పట్టుకుంది. వైరుతో కలిపితే, మనం ఎక్కడుంటే అక్కడ ల్యాప్‌టాప్ మ్యాపు మీద ఎర్ర చుక్క పెడుతుంది.

చుక్క మా ఇంటి మీద పడలేదు. కొత్తూరు దాటాక, హైవే నుంచి లోపలికి, ఒక ఖాళీ భూమి మీద పడింది.

సెట్టు తెర చూశాను. అక్కడ అక్షాంశ రేఖాంశాల అంకెలు సరిగ్గా మా ఇంటివే. ల్యాప్‌టాప్‌లో అంకెలు వేరు. అది జరగడానికి వీల్లేదు. సెట్టు ఏది పంపితే ల్యాప్‌టాప్ అదే చూపించాలి, సొంతంగా అంకెలు పుట్టించడం దానికి కుదరదు. అన్నీ ఆపి మళ్లీ పెట్టాను. అదే చోటు.

సోమవారం సెట్టును ఆఫీసుకు తీసుకెళ్లి అక్కడి ల్యాప్‌టాప్‌కు కలిపాను. అదే చోటు. నా పక్క సీట్లో శ్రీనివాస్ గారని భీమవరం వైపు ఆయన ఉంటారు, ఇలాంటివి బాగా తెలిసిన మనిషి. చాలాసేపు చూశారు.

"సిమ్యులేషన్ మోడ్‌లో ఉండి ఉంటుందండీ. అలా ఉంటే ఉపగ్రహాలతో పని లేకుండా ఆఖరిసారి ఆపిన చోటే చూపిస్తుంది," అన్నారు. తీరా చూస్తే ఆ మోడ్‌లో లేదు. పైగా జ్ఞాపకం చెరిగిన సెట్టుకు ఆఖరి చోటు ఎలా గుర్తుంటుంది? ఎయిర్‌పోర్ట్ దగ్గర కదా, సిగ్నళ్లు కలిసిపోతాయేమోనన్నారు. మా ఇద్దరి ఫోన్లూ ఆఫీసునే చూపిస్తున్నాయి. కొత్త వైరు తెప్పించి పెట్టారు. చుక్క కదల్లేదు.

ఈ సంగతి వదినకు ఫోన్‌లో చెప్పాను. "పోయి చూసొద్దాం పద్మా. చూస్తె ఏమైతది," అంది.

ఆ ఆదివారం పొద్దున కారులో బయలుదేరాం. ల్యాప్‌టాప్ వదిన ఒళ్లో, సెట్టు ముందు అద్దం దగ్గర. కారు కదిలినా మ్యాపు మీద చుక్క కదల్లేదు. ఫోన్‌లో దారి చూసుకుంటూ మేమే దాని దగ్గరికి వెళ్లాం. హైవే దిగి మట్టిరోడ్డు పట్టుకున్నాక ప్లాట్ల హద్దురాళ్లు కనిపించాయి. ఒక మూల ప్రహరీ కడుతున్నారు. పక్కన టార్పాలిన్ గుడిసె. కారు ఆపి దిగి, సెట్టూ ల్యాప్‌టాపూ చేతుల్లో పట్టుకుని నడిచాను. సెట్టులో అంకెలూ ల్యాప్‌టాప్‌లో అంకెలూ ఒక్కటైన చోట ఆగాను.

అక్కడ మోకాలెత్తు గడ్డి మధ్య కొంచెం మేర తొక్కి చదును చేసి ఉంది. చిన్న రాళ్లతో పొయ్యి, దాని మీద కొబ్బరి చిప్ప, అందులో ఇసుక. పిల్లలు బువ్వలాట ఆడుకున్న చోటు. పక్కనే ఒక పాత గోనెసంచి పరిచి, గాలికి లేవకుండా మట్టిగడ్డలు పెట్టి ఉంది.

వదిన వంగి గోనెసంచి కొస పట్టుకుని లేపింది. అది చేతిలోనే పొడిపొడిగా చినిగింది.

కింద బోరు గుంత. పైపు గుంజేసిన గుంత, నోరు తెరుచుకుని ఉంది. చిన్నపిల్ల భుజాలు పట్టేంత వెడల్పు. వదిన ఒక రాయి వేసింది. చప్పుడు కోసం చూశాం. ఏమీ వినిపించలేదు.

గుడిసెలోంచి ఒకామె వచ్చింది, చంకలో పాప. పాలమూరు నుంచి గోడ పనికి వచ్చారట. గుంత చూసి అక్కడే కూలబడింది.

"మాకు తెల్వదక్కా. చెత్త మీద సంచి కప్పిన్రనుకున్నం. ఇది దినాం గీడనే ఆడుకుంటది. నిన్న గా సంచి మీద కూసొని ఆడుతుంటె నేనే బువ్వకు పిలుచుకపోయిన."

పాప దిగుతానని కాళ్లు కొట్టుకుంటోంది. ఆమె దాన్ని దించలేదు.

గోడ కట్టే మగవాళ్లు ఇద్దరు హద్దురాయి ఒకటి మోసుకొచ్చి గుంత మీద అడ్డంగా వేశారు. తర్వాత రాళ్లూ మట్టీ నింపడం మొదలుపెట్టారు. నిండేదాకా వదిన అక్కడి నుంచి కదలనంది. ఎండ నడినెత్తికి వచ్చింది. ఆమె కొంగు నెత్తిన వేసుకుని నిలబడే ఉంది.

ఆలోపు నేను బోరు బండి డ్రైవర్ సాయిలుకు ఫోన్ చేశాను. అన్నతో చాలా ఏళ్లు పనిచేసినవాడు. చోటు చెప్పగానే గుర్తుపట్టాడు.

"గది మేమేసిన బోరే అక్కా. నీళ్లు పడలె, పైపు గుంజుకున్నం. మూత పెట్టియ్యమని అన్న గా ప్లాట్లోళ్లకు మస్తుసార్లు చెప్పిండు. వాళ్లు ఇనలె. నేనే పోయి పెట్టిస్త అన్నడు. ఇగ గంతల్నే పక్షవాతమొచ్చి పడిపోయిండు."

తిరిగి వచ్చేటప్పుడు వదినకు సాయిలు మాటలు చెప్పాను. ఆమె ఒళ్లో ఉన్న ల్యాప్‌టాప్ మూసింది. తర్వాత మెల్లగా చెప్పింది.

"దవాఖానల ఆయనకు మాట సక్కగ రాకపోతుండె గద. ఒక్కటే మాట అంటుండె. మూత, మూత అని. నేను నీళ్ల సీసకు మూత పెట్టి చూపిస్తుంటి. మల్ల గదే అంటుండె. మల్ల పెడుతుంటి."

ఆ మాట నాకు అప్పటిదాకా తెలియదు. ఆమె ఎవరికీ చెప్పలేదట. కారు పక్కకు ఆపాను. కాసేపటికి ఆమే, "పోనియ్యి పద్మా," అంది.

ఇంటికి వచ్చాక డాబా మీదికి వెళ్లి మళ్లీ కలిపాను. అదే సెట్టు, అదే వైరు, అదే ల్యాప్‌టాప్. చుక్క మా ఇంటి మీద పడింది. ఆ తర్వాత ఎన్నిసార్లు పెట్టినా ఎక్కడుంటే అక్కడే చూపిస్తోంది. మొదట వైరు ఎక్కడో వదులుగా ఉండి ఉంటుందని శ్రీనివాస్ గారు అన్నారు. నేను వాదించలేదు. వైరు వదులైతే చుక్క మాయమవుతుంది, మనం లేని చోటికి వెళ్లి కూర్చోదు. అది ఆయనకూ తెలుసు.

అన్నే చూపించాడని నేను అనను. అనడానికి నా దగ్గర ఆధారం లేదు. వదిన కూడా అనదు, ఆ రోజు మనం అక్కడికి పోయినందుకు మంచిదైంది అంటుంది, అంతే. కారణం ఉండే ఉంటుందని ఇప్పటికీ వెతుకుతున్నాను. ఎవరు ఏ కారణం చెప్పినా శ్రద్ధగా వింటాను. వింటుంటే మాత్రం, ఆ సంచి మీద కూర్చుని ఇసుక బువ్వ వండుతున్న పిల్లే కళ్ల ముందుకొస్తుంది. అప్పుడిక చెప్పేవాళ్లను ఏమీ అడగబుద్ధి కాదు.