వెనక్కి తిరగని గైడ్ అంకుల్

వాసుదేవరావు అంకుల్‌కి డెబ్బై మూడేళ్లు. జీవితంలో బీరు చుక్క ముట్టలేదు. అలాంటి మనిషి అమెరికాలో గలీనా అనే ఊళ్లో, జనాన్ని పబ్ నుంచి పబ్‌కి తిప్పుతూ ఊరి కథలు చెప్పే పబ్ టూర్ గైడ్ ఉద్యోగానికి అప్లై చేశాడని తెలిసి, అంతకుముందు ఆయన ఉన్న అరోరాలో ఆయన్ని ఎరిగినవాళ్లంతా నవ్వుకున్నారు. ఆయన మాత్రం నవ్వలేదు.

వంతెనలు డిజైన్ చేసి రిటైరైన ఇంజినీర్ ఆయన. పార్టీల్లో పాత ఇటుకల గురించి మొదలుపెడితే జనం ప్లేట్లు పట్టుకుని జారుకునేవారు. నేనైతే ఫోన్ మోగినట్టు నటించేవాణ్ణి. చివరికి ఇల్లు అమ్మేసి, కొండ కింద ఇటుక భవనాలు వరసగా నిలబడ్డ ఈ పాత గనుల ఊరికి ఆయన, భానుమతి ఆంటీ మారిపోయారు.

"ఇన్నేళ్లూ నా మాట ఎవడూ పూర్తిగా వినలేదు. ఇక్కడ టికెట్ కొనుక్కుని మరీ వింటారు చూడు," అన్నాడట ఆంటీతో.

ఉద్యోగం ఖాయం కావాలంటే ఒక ట్రయల్ టూర్ సరిగ్గా నడిపించాలి. కంపెనీ ఓనర్ డెబీ వెంట నడిచి చూస్తుంది. జనం తాగుతారనే పబ్బులవాళ్లు టేబుళ్లు అట్టిపెడతారు కాబట్టి, కథలు చెబితే చాలదు, గ్లాసులూ ఖాళీ అవ్వాలి.

ఆ టూర్ టికెట్లన్నీ మేమే కొనేశాం. నేను, అవినాష్, శ్రీవిద్య, ఇంకొందరు ఆఫీస్ ఫ్రెండ్స్. ఆ రాత్రికి హోటల్ గదులు కూడా తీసుకున్నాం. అంకుల్‌కి చెప్పలేదు. మమ్మల్ని చూసి ఆయన మొహం ఎలా మారుతుందో చూడాలని మా సరదా.

ఆ సరదా మొదటి పబ్‌లోనే బెడిసికొట్టింది. వెయిట్రెస్ రాగానే, శుక్రవారం వస్తే బీరు లేకుండా ఆగని అవినాష్, ఆరెంజ్ జ్యూస్ అడిగాడు. శ్రీవిద్య స్ప్రైట్ అంది. నేను మంచినీళ్లు అన్నాను. అమెరికా వచ్చిన కొత్తలో ఇంటికి పిలిచి పప్పన్నం పెట్టిన మనిషి ఎదురుగా నిలబడి ఉంటే, గ్లాసెత్తడానికి ఎవరికీ చెయ్యి లేవలేదు.

బయటికొచ్చాక డెబీ అంకుల్‌ని పక్కకి పిలిచి, తర్వాతి పబ్‌లోనూ ఇంతే అయితే కష్టమని మర్యాదగానే చెప్పింది. ఆయన నేరుగా మా దగ్గరికొచ్చాడు.

"ఏరా, ఇంత దూరం డ్రైవ్ చేసుకొచ్చింది జ్యూస్ తాగడానికా?"

"మీ ముందు ఎలా తాగుతాం అంకుల్," అన్నాడు అవినాష్ నేల చూస్తూ.

"ఇప్పుడు నేను అంకుల్‌ని కాదు, గైడ్‌ని. వాసూ అని పిలువు."

అవినాష్ ప్రయత్నించాడు. "వాసు... గారూ అంకుల్."

"వాడి వల్ల కాదు అంకుల్," అంది శ్రీవిద్య. "పైగా మా అమ్మ ఆంటీతో ఫోన్లో మాట్లాడుతుంటుంది."

"మీరు బయట కూర్చోండి, మేం తాగేసొస్తాం," అన్నాను నేను.

"మరి కథ ఎవడు చెప్తాడు, నువ్వా?"

 అంకుల్ టోపీ సర్దుకున్నాడు.

"సరే. నాకు వెనకాల కళ్లు లేవు. మీకు మాత్రం చెవులున్నాయి. ఒక్క ముక్క వదలకుండా వినాలి."

రెండో పబ్‌లో ఆయన మాకు వీపు పెట్టి, ముక్కు తగిలేంత దగ్గరగా గోడ ముందు నిలబడ్డాడు. ఒకప్పుడు ఊళ్లోకి వరద ఎక్కడిదాకా వచ్చిందో, సున్నం ఎందుకు రాలిందో ఆ గోడకే వివరించాడు. వెనకాల అవినాష్ మొదటి గుక్క భయంభయంగా తాగాడు, రెండోది నిమ్మళంగా. "ఇంకో రౌండ్" అని నేనే అన్నాను. అంకుల్ మాట తడబడింది గానీ మెడ కదల్లేదు. దగ్గొస్తే గోడ మీదే దగ్గాడు.

మూడో పబ్‌కి వెళ్లేటప్పుడు వీధిలో కూడా ముందుకే చూస్తూ నడిచాడు.

"ఆ గోడ మధ్యలో ఉబ్బిందేంటి అంకుల్?" అని అడిగింది శ్రీవిద్య. ఏడిపించడానికి కాదు, నిజంగానే.

ఆయన అడుగు ఒక క్షణం ఆగింది. జవాబు పబ్ తలుపు దాకా సాగింది. మేం విన్నాం.

మూడో పబ్‌లోనూ ఆయన గోడకే కథ చెప్పి ముగించాక డెబీ వచ్చి, గోడతో మాట్లాడే గైడ్‌ని తనెప్పుడూ చూడలేదని, ప్రతి టూర్‌లోనూ అలాగే చెయ్యమని, వచ్చే శనివారం నుంచి రమ్మని చెప్పింది.

అంకుల్ మావైపు తిరగబోయి ఆగాడు.

"గ్లాసులు దించారా?" అని గోడనే అడిగాడు.

"దించాం అంకుల్."

అప్పుడు తిరిగాడు. అవినాష్ మీసం మీద నురగ ఇంకా ఉంది. అంకుల్ కర్చీఫ్ తీసి, వాడి మొహం చూడకుండానే చేతిలో పెట్టాడు.